కాలి మన్ను

శశికళ మా ఇంటికి కారు తెచ్చిన ఏడు, ఆషాఢం మొదలు దసరా దాకా నేను కడుపు నిండా అన్నం తిన్నది లేదు. జబ్బేమీ కాదు. కుళ్ళు. దానికి ఇంకా మర్యాదైన పేర్లు ఉన్నాయని తెలుసు గానీ, నాకు పట్టుకున్నది మాత్రం కుళ్ళే.

చింతామణిలో బెంగళూరు రోడ్డు మీద మా ఆయన దేవరాజ్‌కు షెడ్డు ఉంది. షెడ్డు వెనకే ఇల్లు. బోర్లు వేసే లారీల టర్బోలు బాగుచేయడంలో ఆయనకు పెద్ద పేరు. మా సీమలో నీళ్ళు ఏటికేడు కిందికి పోతూనే ఉన్నాయి కాబట్టి ఆ లారీలకు విశ్రాంతి లేదు, వాటితోపాటు ఆయనకూ లేదు. పొద్దున్నే షెడ్డుకు పోయేవాడు, అన్నం వేళకు వచ్చేవాడు, "ఊఁ" అనేవాడు, మళ్ళీ పోయేవాడు. మనిషి మంచివాడు. తాగడు, అరవడు, చేయెత్తడు. మాట్లాడడు కూడా. నేను అడిగితే జవాబు, అడగకపోతే అదీ లేదు. మగవాళ్ళంతా ఇంతేలే అని సర్దుకున్నాను. శశికళ రాకపోయి ఉంటే అలాగే సర్దుకుని ముసలిదాన్ని అయి ఉండేదాన్ని.

శశికళ మా అత్త తిమ్మక్కకు తమ్ముడి కూతురు. చిక్కబళ్ళాపురం దగ్గర ద్రాక్షతోటల ఇల్లు వాళ్ళది. మా ఆయనకు మేనమామ కూతురంటే ఇంక చెప్పేదేముంది, ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ ఆ పిల్లను ఆయన పెళ్ళామనే పిలిచారు అందరూ. ఆ పిల్లేమో పెళ్ళి వద్దు, చదువు కావాలని బెంగళూరు పోయి ఇంజనీరు అయింది. ఆ ఖాళీలోకి బాగేపల్లి పక్క పల్లె నుంచి నన్ను తెచ్చారు. ఇందులో నా దగ్గర ఎవరూ ఏదీ దాచలేదు. పెళ్ళిచూపుల నాడే మా అత్త చెప్పేసింది.

ఆ ఆదివారం షెడ్డు ముందు హారన్ మోగితే అందరం బయటికి వచ్చాం. నీలం రంగు జపాను కారు. ఎవరో వాడి అమ్మినదట. స్పోర్ట్స్ కారు అంటారని తర్వాత తెలిసింది. ముందుభాగం పొడుగ్గా, వెనక ఏమీ లేనట్టు, నేలకు అంటుకుని ఉంది. లోపల రెండే సీట్లు.

"బావా, నీ పెండ్లాం గాకుండా ఇంకొకతిని తెచ్చిండా, చూడు రా!" అని లోపలి నుంచే అరిచింది శశికళ.

మా అత్త ఒకటే నవ్వు. కారు చుట్టూ తిరిగి, "ఏమే శశీ, ఇంత కిందికి ఉండాదే, దీంట్లోకి ఎక్కేదా, దిగేదా?" అంది.

"దిగేదే అత్తా. లేసేటప్పుడు ఎవురన్నా చెయ్యియ్యాల" అని ఆ పిల్ల చేయి చాపింది. మా ఆయన చేయిచ్చి లేపాడు. అంతే. మేనమామ కూతురికి చేయివ్వడంలో తప్పేముంది? ఏమీ లేదు. నేను మాత్రం ఆ రెండు చేతులు విడిపోయేదాకా చూశాను.

కారు డిక్కీలో పెద్ద అట్టపెట్టె ఉంది. విదేశం నుంచి తెప్పించిన టర్బో కిట్టు. "కంపెనీవాళ్ళు దీనికి టర్బో పెట్టలే బావా. మనం పెడదాం. బెంగళూరులో చేస్తామనేవాళ్ళు శానామంది ఉండారు గానీ నాకు నమ్మకం లే. మా బావ చేస్తే చెయ్యాల, లేకుంటే వద్దే వద్దనుకొంటి."

మా ఆయన పెట్టె విప్పి టర్బోను పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తాడు. వేలితో లోపలి రెక్కను తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మొహం విచ్చుకుంది.

"ఇంత చిన్నది నేనెప్పుడూ చెయ్యలే శశీ. లారీదైతే గుమ్మడికాయంత ఉంటాది. దీని తిరుగుడు జూడు, గాలి ఊదితే చాలు. అయితే కారు ఇంజను లారీ ఇంజను మాదిరి గాదు. దీనికి ఓర్పు తక్కువ. మెల్లగ చెయ్యాల. ఆదివారం ఆదివారం రా, ఇద్దరం కలిసి చేద్దాము."

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ మనిషి నోటి నుంచి ఒక్క ఊపున అన్ని మాటలు రావడం నేను వినడం అదే మొదలు.

*

ఆదివారాలు అలా మొదలయ్యాయి. శశికళ జీన్స్ ప్యాంటు వేసుకుని వచ్చి, జుట్టు ముడేసి, ఆయనతో పాటు కారు కిందికి దూరేది. వంటింటి కిటికీ షెడ్డు వైపే ఉంటుంది. నేను చేటలో బియ్యం పెట్టుకుని అక్కడే కూర్చునేదాన్ని. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరేదాన్ని.

"బయటికి పోయే పొగ ఉండాది గదా, దాంతో ఈ పక్క రెక్క తిప్పుతాము" అని చెప్పేవాడు ఆయన. "ఇది తిరిగితే ఆ పక్క రెక్క గూడా తిరిగి, గాలిని ఇంజనులోకి తోస్తాది. గాలి ఎక్కువైతే పెట్రోలు గూడా ఎక్కువ పొయ్యాల. పొయ్యకుంటివా, పిస్టన్లు మైనం మాదిరి కరిగిపోతాయి."

"అయితే ఎంత పొయ్యాల బావా?"

"అదే గదా మజా" అనేవాడు. ఇంట్లో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా చెప్పని మనిషి పెట్రోలు చాలిందో లేదో గంటలు గంటలు చెప్పేవాడు. ఆ పిల్ల ఎదురడిగేది. ఈయన ఒప్పుకునేవాడు కాదు. ఇద్దరూ పోట్లాడుకుని, తప్పు ఆయనదే అయితే ఫక్కున నవ్వేవాడు. మా ఆయనకు ఆ నవ్వు ఉందని కూడా నాకు తెలీదు.

ఒక సోమవారం వడ్డిస్తూ అడిగాను. "పిస్టన్లు కరగకుండా ఏమి చేస్తాండారు?"

ఆయన తల ఎత్తి నన్ను వింతగా చూశాడు. ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. "పెద్ద ఇంజెక్టర్లు వేస్తాండాము" అన్నాడు. "కొంచెం చారు పొయ్యి."

వేస్తాండాము అట. చారు పోశాను. కంచం నిండిపోయేలా పోశాను.

నా చేతనైన పగ ఏదో నేనూ తీర్చుకున్నాను. శశికళకు నీళ్ళ కాఫీ ఇచ్చేదాన్ని, అంచు సొట్టపోయిన లోటాలో. ఆ పిల్ల ఆఖరి చుక్క దాకా తాగి, "అక్కా, నీ కాఫీ కోసమే ఇంత దూరం వస్తాండా" అనేది. మాట వరసకు అన్నది కాదు, మనసారానే అనేది. నాకు చీర తెచ్చింది. మా అత్త కాళ్ళకు నూనె రాసింది. ఆమె కాస్త చెడ్డదయి ఉంటే నా ప్రాణానికి ఎంత సుఖంగా ఉండేదో.

*

వినాయక చవితి దాటాక కారు తయారైంది. తోలి చూడాలి కదా. బాగేపల్లి వైపు పెద్ద రోడ్డు వెడల్పు చేశారు, అక్కడైతే ఎంత వేగంగానైనా పోవచ్చని ఇద్దరూ అనుకున్నారు. బాగేపల్లి అంటే నా పుట్టినింటి దారి.

శశికళ స్టీరింగు ముందు కూర్చుని, "అక్కా, నువ్వూ రారాదా?" అంది. వెంటనే తానే నాలుక కరుచుకుని, "యాడ కూర్చుంటావులే, బావ ఒళ్ళోనా!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కారు మలుపు తిరిగేదాకా నవ్వు మొహం మీదే పెట్టుకుని ఉన్నాను.

మధ్యాహ్నం మా అమ్మ మునివెంకటమ్మ ఫోన్ చేసింది. "ఏమే ప్రేమా, అల్లుడు ఎవురో ఆడమనిషి పక్కన కూర్చోని బాగేపల్లిలో చెరుకు పాలు తాగతా ఉన్నాడంట. మీ పిళ్ళప్ప మామ చూసినాడు. నువ్వు రాలేదేమి?"

"కారులో చోటు లేదు మా" అన్నాను.

"చోటు లేని కారేమి కారే?" అంది మా అమ్మ.

చీకటి పడే వేళకు వచ్చారు. ఊరి బయట నుంచి ఇంటి దాకా గట్టిగా తోలుకొచ్చారట. ఇంజను ఆపకుండా కాసేపు ఉంచి, ఆ తర్వాత బానెట్ ఎత్తితే లోపల టర్బో ఎర్రగా కాలి ఉంది, కొలిమిలో ఇనుములాగా. మా అత్త నోరు తెరిచి చూసింది.

"ఇదేమిరా, అంటుకొనిండాదా?"

"అంటుకొనేది గాదు మా, దాని తీరే అంత. లోపలంతా నిప్పే. మన పొయ్యి దీని ముందర ఏమూలకు?" మా ఆయన ఆ రోజు గోడలతో కూడా మాట్లాడేలా ఉన్నాడు. "ముందర సప్పగా పోతా ఉంటాది మా. ఉన్నట్టుండి ఎవురో వీపు మీద చెయ్యిబెట్టి తోసినట్ల! శశి భయపడి అరిచేసె!"

"నువ్వు అరవలేదా బావా?"

"పొయ్యికైతే నోరుంటాది, దీనికి నోరు యాడుండాదిరా?" అని అడిగింది మా అత్త.

"ఇదో, ఈ గొట్టమే. గాలంతా ఇట్లే మింగుతాది."

నేను వాళ్ళ మొహాలు చూస్తూ నిలబడ్డాను. ఆ తోసిన చెయ్యి ఎలా ఉంటుందో ఆ ఇద్దరికి తెలుసు. లోకంలో ఇంకెవరికీ తెలీదు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

*

ఆ తర్వాత కారుకు ఒకదాని వెనక ఒకటి తగులుకున్నాయి. క్లచ్ జారింది. గాలి గొట్టం ఊడి టపాకాయలా పేలింది. నూనె కారింది. కొత్తగా పెట్టిన ఏ టర్బోకైనా ఇవి మామూలేనని మా ఆయన అంటే మా అత్త వినలేదు.

"కన్ను తగిలిండాదిరా. ఎవురిదో గట్టి కన్ను" అంది. బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. మురుగమల్ల దర్గా నుంచి దారం తెచ్చి స్టీరింగుకు చుట్టింది. శశికళ దేనికీ కాదనలేదు. "కట్టు అత్తా, బావ చేసేది బావ చేస్తాడు, నువ్వు చేసేది నువ్వు చెయ్యి" అంది.

మహాలయ అమావాస్య ముందర శనివారం. నేను కొళాయి దగ్గర బిందె నింపుకుని పెరటి గుండా వస్తున్నాను. పొద్దున చినుకులు పడి నేల మెత్తగా ఉంది. బిందె దించి వెనక్కి తిరిగితే, మా అత్త వంగి నేల మీద ఏదో గీకుతోంది. కొబ్బరి చిప్పతో. నా కుడికాలి అడుగు పడిన చోట.

"ఏమత్తా అది?"

"ఏం లేదమ్మా. చీమలు" అని చిప్పను కొంగు చాటున పెట్టుకుని లేచింది.

నాకు తెలీదా? మా అవ్వ చేయడం చూడలేదా? ఎవరి కన్ను తగిలిందని అనుమానమో వాళ్ళ కాలి కింది మన్ను తెచ్చి, కల్లుప్పు, ఎండు మిరపకాయలు కలిపి, చుట్టూ తిప్పి నిప్పులో వేస్తారు. పక్కింటివాళ్ళ మన్ను తీస్తారు, దాయాదుల మన్ను తీస్తారు. ఇంటి కోడలి మన్ను తీసింది మా అత్త.

ఏడుపు రాలేదు నాకు. కోపం వచ్చింది. ఊరంతా వదిలేసి నా అడుగే దొరికిందా ఈమెకు అనుకున్నాను. అయితే ఎంత కోపంలోనూ ఒక్క సంగతి కాదనలేకపోయాను: ఆమె గీకింది సరైన అడుగునే.

ఆ రోజంతా మిరపకాయల ఘాటు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. పొయ్యి దగ్గర నేనే ఉన్నాను కాబట్టి ఇంకెక్కడో వేసి ఉంటుందిలే అనుకున్నాను.

*

మరునాడు శశికళ వచ్చింది. గాలి వడపోసే ఫిల్టరుకు కొత్త పట్టీ కావాలని మా ఆయన దాన్ని ముందే విప్పి, గొట్టం నోటికి గుడ్డ కట్టి ఉంచాడు. ఆ గుడ్డ తీసేసి ఫిల్టరు బిగించాడు. శశికళ లోపల కూర్చుని స్టార్ట్ చేసింది. కాసేపు బాగానే ఉంది. ఆయన చేయి ఊపగానే యాక్సిలరేటరు తొక్కింది.

కీచుమని ఒక అరుపు. ఇనుము ఇనుమును గీరినట్టు. పళ్ళు జివ్వుమన్నాయి. "ఆపు! ఆపు!" అని మా ఆయన పరుగెత్తాడు.

గొట్టాలు విప్పి, టర్బోను బయటికి తీసి బల్ల మీద పెట్టేసరికి మధ్యాహ్నమైంది. నేనూ షెడ్డులోకి వెళ్ళాను. రెక్కల అంచులు ఎలుక కొరికినట్టు ఉన్నాయి. ఇరుసు లొడలొడమంటోంది. వంపు తిరిగిన గొట్టాన్ని ఆయన బల్ల మీద బోర్లించి తట్టితే ఉప్పుగల్లు, ఎర్రమన్ను, పసుపుపచ్చటి గింజలు రాలాయి.

శశికళ ఒక గింజ తీసి చూసింది. "బావా, ఇది మిరప గింజ గదా. ఇది ఉప్పు. ఇది..." అని ఆగి, మెల్లగా మా అత్త వైపు తిరిగింది. "అత్తా, నువ్వేనా?"

మా అత్త గుమ్మంలో నిలబడి ఉంది. మొహం పాలిపోయింది. "దిష్టి తీసి నిప్పులో వెయ్యాల గదమ్మా? దీంట్లో ఉండే నిప్పు కన్నా పెద్ద నిప్పు యాడుండాది? వాడే గదా చెప్పె, పొయ్యి కన్నా ఎక్కువని, నోరు ఇదేనని. అందుకే గుడ్డ విప్పి వేసి మళ్ళా కడితి. దాని దిష్టి అదే కాల్చుకుంటాదని..."

మా ఆయన తల పట్టుకున్నాడు. నిప్పు ఆ పక్కన, గాలి నోరు ఈ పక్కన అని ఆమెకు ఇప్పుడు చెప్పి ఏం లాభం?

శశికళ కూడా ఆ ఇంటి పిల్లే. ఆ తంతు ఆమెకూ తెలుసు. వేలి మీది మన్ను చూస్తూ అడిగింది. "ఎవురిది అత్తా ఈ మన్ను?"



"నాది" అన్నాను నేను.

మా ఆయన నా వైపు చూసి, తల్లి వైపు చూశాడు. "యాల మా? ప్రేమ మన్ను యాల తీస్తివి? ప్రేమకేమి కుళ్ళు? ఎవురన్నా వింటే నవ్వుతారు."

అప్పుడు మా అత్తకు ఎక్కడలేని రోషం వచ్చింది. "నవ్వుతారా? ఆ పిల్ల సరిగ్గ తిని ఎన్నాళ్ళాయెనో తెలుసునా నీకు? దినామూ సగం ముద్ద వదిలేస్తా ఉంటే కుక్కకు వేసేది నేను. రవికలు వదులైపోతే చూసింది నేను. ఆ కిటికీలో కూర్చోని బియ్యంలో లేని రాళ్ళు ఏరతా ఉంటే చూసింది నేను. ఎదురుగ్గా కూర్చోని తింటావు గదరా, నీకు కండ్లు లేవా?"

నా మన్ను గీకిన మనిషి, ఆ ఇంట్లో నన్ను చూసిన ఒకే ఒక్క మనిషి.

మా ఆయన నా దగ్గరికి వచ్చాడు. "నిజమా?"

"నిజమే."

"దేనికి?"

శశికళ గాబరాగా నా చేయి పట్టుకుంది. "అక్కా, నా మీద ఒట్టు, మా ఇద్దరికీ..."

"అది నాకు తెలుసు శశీ. మీ ఇద్దరికీ ఏమీ లేదు. ఉంటే పోట్లాడేదాన్ని, జుట్టు పట్టుకొనేదాన్ని. ఏమీ లేకుండానే ఇన్ని మాటలు యాడనుంచి వచ్చె ఈయనకు? నాతో మూడేండ్ల కాపురంలో రాని మాటలు?"

ఇంత గట్టిగా మాట్లాడగలనని నాకే తెలీదు. రోడ్డు మీద పోయే సైకిలతను ఆగి చూసి పోయాడు.

"నీకేమి చెప్పేది?" అన్నాడు మా ఆయన. దెప్పడం కాదు, నిజంగానే అడిగాడు. "అన్నీ నట్లు, బోల్టులు, నూనె మాటలు. నీకు విసుగని చెప్పలే."

ఆయన గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. వేలు వేలునా, గోరు గోరునా తుడుచుకున్నాడు.

"శశీ, కొత్త రెక్కలు తెప్పిస్తే ఇది మళ్ళా లేస్తాది" అన్నాడు. "నేను మాత్రం చెయ్యను. పాత సామాన్లు బిగించి, వచ్చిన కారు వచ్చినట్లే ఇస్తా. తీసకపో."

ఆ మాట నాకోసమే అన్నాడు. అంటున్నప్పుడు మాత్రం ఆయన నా వైపు చూడలేదు. కొరుక్కుపోయిన ఆ రెక్కల వైపే చూస్తున్నాడు. వద్దులే, బాగుచెయ్యి అని నేను అనవచ్చు. శశికళ కూడా నేను అంటానేమో అని నా మొహం చూసింది. నేను అనలేదు.

*

దసరా వెళ్ళాక శశికళ కారు తీసుకుపోయింది. అట్టపెట్టె మళ్ళీ డిక్కీలోకి ఎక్కింది. పోతూ పోతూ, "కాఫీకి వస్తాలే అక్కా" అంది. "రా" అన్నాను. ఆ రోజు మంచి కాఫీయే ఇచ్చాను, చిక్కగా.

ఆ మధ్యాహ్నం నుంచే మా ఆయన అన్నం దగ్గర మాట్లాడటం మొదలుపెట్టాడు. బడిపిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు ఉండేది. "ఈ పొద్దు శిడ్లఘట్ట లారీ ఒగటి వచ్చె. ఆయిలు కారతాండాది." "ఊఁ" అనేదాన్ని. "సీలు మార్చితి." "ఊఁ." ఆయన చెప్పింది నిజమే, విసుగే. అయినా ఒక్క రోజు కూడా ఆపనివ్వలేదు. మా అత్త పక్కన కూర్చుని ఆకువక్క నములుతూ, అప్పుడప్పుడు నా కంచంలోకి చూసేది.

కార్తీకంలో ఒక రోజు ఏదో లారీ సంగతి చెబుతూ చెబుతూ, "దీనికన్నా శశి కారుకు..." అని ఆగిపోయాడు. తల దించుకుని చారులో వేలు తిప్పాడు.

"ఊఁ, శశి కారుకు?"

"ఏమీ లేదులే."

"చెప్పు."

"వద్దులే ప్రేమా. నీకు బాధ."

"బాధే" అన్నాను. "లోపల పెట్టుకొని ఒగడివే తలుచుకొంటావు సూడు, అది ఇంకా బాధ. బాగేపల్లి రోడ్డులో ఎట్ల తోసెనో, ఎట్ల అరిచితివో, అంతా చెప్పు. ఆ మాట గూడా నాకే చెప్పాల."

ఆయన కంచం పక్కకు జరిపి మొదలుపెట్టాడు. మొదట్లో తడబడ్డాడు, పోను పోను చేతులు ఊపాడు, చివరికి ఆ నవ్వు కూడా వచ్చింది. నేను కుళ్ళుకుంటూనే విన్నాను, ఒక్క మాట కూడా వదలకుండా.